355799వ వృత్తం



ఉత్పలమాల ఎన్నో వృత్తమని అడిగితే, ఛందస్సు శ్రద్ధగా చదివిన తెలుగు విద్యార్థి 355799 అంటాడు. ఆ అంకె ఎలా వచ్చిందంటే పుస్తకంలో ఉందంటాడు. కంప్యూటర్ సైన్సు విద్యార్థికి దాన్ని లెక్కకట్టే ఒడుపు తెలుసు, ఉత్పలమాల తెలియదు. విశ్వవిద్యాలయంలో గణనాత్మక ఆలోచన (కంప్యుటేషనల్ థింకింగ్) నేర్పదలిస్తే ఈ ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి.

ఈ ఆలోచనా విధానం కంప్యూటర్ శాస్త్రజ్ఞులకే కాదు, అందరికీ కావాలని అప్పటి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు జానెట్ వింగ్ 2006లో ఒక చిన్న వ్యాసంలో వాదించారు. ఆ తర్వాత కంప్యుటేషనల్ థింకింగ్ పాఠ్యప్రణాళికల్లోకి వచ్చింది. వచ్చిన తీరే బాగాలేదు. సమస్య ఏమిటో తెలియకముందే సి భాష, సెమికోలన్ మరిచినందుకు చీవాట్లు.

ఉత్పలమాల సంగతికే వద్దాం. ఇరవై అక్షరాల పాదంలో ప్రతి అక్షరమూ గురువో లఘువో కావాలి. అంటే 10,48,576 వృత్తాలు. వాటన్నిటినీ వరుసగా పేర్చే ప్రస్తారాన్ని నిమిషానికో వరుస చొప్పున రాత్రింబవళ్లు రాసుకుంటూ పోతే రెండేళ్లు పడుతుంది. పింగళుడి సంప్రదాయంలోని ‘నష్టం’ అనే పద్ధతికి అంత ఓపిక అక్కర్లేదు. వృత్తసంఖ్య సరి అయితే లఘువు రాసి సగం చేయాలి. బేసి అయితే గురువు రాసి, ఒకటి కలిపి సగం చేయాలి. 355799 బేసి, కనుక గురువు. ఒకటి కలిపి సగం చేస్తే 177900, లఘువు. తర్వాత 88950, మళ్లీ లఘువు. ఒక గురువు, రెండు లఘువులు: ఉత్పలమాల మొదటి గణమైన భగణం వచ్చేసింది. ఇలా ఇరవై సార్లలో పాదమంతా తేలుతుంది.

ఇప్పుడు చంపకమాల, 711600. సరి, లఘువు. సగం 355800, మళ్లీ లఘువు. ఆ తర్వాత? 177900! ఉత్పలమాల దారిలోకే వచ్చి కలిసింది. మొదటి గురువును రెండు లఘువులు చేస్తే ఉత్పలమాల చంపకమాల అవుతుందని పద్యాలు రాసేవారందరికీ తెలుసు. ఆ సంగతి అంకెల్లో బయటపడడం మరో ముచ్చట. (దీన్నిబట్టి కంప్యూటర్ కూడా మనవాళ్లదేనని ఊరేగింపు తీయనక్కర్లేదు.)

అసలు తంటా గురులఘువులు గుర్తించే ప్రోగ్రాం రాయబోయినప్పుడు మొదలవుతుంది. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. పైథాన్‌ను పొడవు అడిగితే 6 అంటుంది. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువన్న సూత్రం సంస్కృత సమాసంలో చెల్లుతుంది, విడివిడి తెలుగు మాటల మధ్య సాధారణంగా చెల్లదు. మాట ఎక్కడ ముగిసిందో, ఎక్కడ సమాసమైందో యంత్రానికి ఎవరు చెప్పాలి? ఇక్కడ తెలుగు విద్యార్థే గురువు.

ఒకచోట పట్టుబడిన పద్ధతి మరోచోటికి తనంతట తాను నడిచిరాదు. 1980లలో లోగో అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్న పిల్లలను పరిశోధకులు రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ పరిశీలించారు. దానివల్ల వాళ్ల ప్రణాళికా నైపుణ్యం పెరిగినట్టు తేలలేదు. కనుక నష్టం నేర్పిన వెంటనే ఒక నిఘంటువు చేతికిచ్చి, నడిమి పేజీ తెరిపించి, అక్కర్లేని సగాన్ని వదిలేస్తూ మాట వెతికించాలి. రెండుచోట్లా సగం చేయడమే పనిచేస్తోందని ఉపాధ్యాయుడు నోరు తెరిచి చెప్పాలి కూడా.

పరీక్షలో కోడ్ రాయమనడం ఇక దండగ. చాట్‌బాట్ క్షణంలో రాసిపెడుతుంది. ఒక పద్యం, దాని గణాలు తప్పుగా కట్టిన ఒక ప్రోగ్రాం ఇచ్చి, ఏ అక్షరం దగ్గర ఎందుకు తప్పిందో అడగాలి. జవాబుపత్రాలు రెండు శాఖలవారూ కలిసి దిద్దాలి. ఈ కోర్సు క్రెడిట్లు ఏ శాఖ ఖాతాలో వేయాలన్నది అకడమిక్ కౌన్సిల్ తేల్చుకోవాలి.