ఇంటి ఖర్చు ఎవరి లెక్కలో పడుతోంది?



ఖమ్మంలో నాలుగిళ్ళల్లో పనిచేసుకునే ఒకామెను నెల ఖర్చులు చెప్పమని అడిగాను. మొదట అద్దె చెప్పింది. పాలు, పప్పు, పిల్లవాడి ట్యూషను తర్వాత చెప్పింది. వీటిలో ఏది ఉంటుందో, ఏది పోతుందో అద్దె కట్టాక గానీ తెలియదట. అద్దె పెరిగిన నెల పాలు మానేస్తుంది. ఆ డబ్బు పాలమ్మే ఆమెకూ, వీధి చివరి కిరాణా కొట్టుకూ చేరదు. ఇంటి యజమాని దాన్ని ఇంకో ప్లాటు మీద పెడితే స్థలాల ధర మళ్ళీ పెరుగుతుంది. చిన్న బజారులో గిరాకీ పడిపోవడానికి కారణాలు వెతికేవాళ్ళు ఈ దారిని చూడరు.

ఏజెన్సీలో అద్దెలెక్కడివి అని అడగవచ్చు. ప్రభుత్వమూ అలాగే అనుకుంది. 2012 ఆధార సంవత్సరంగా లెక్కగట్టిన వినియోగదారుల ధరల సూచీలో పట్టణాల ఇంటి ఖర్చుకు 21.67 శాతం ఇచ్చి, గ్రామాల ఇంటి ఖర్చుకు చోటే ఇవ్వలేదు. కోయ గూడేల్లో ఒకప్పుడు అది కొంత నిజం. కర్ర, వెదురు, గడ్డి అడవిలోవి. ఊరంతా చేయి వేస్తే ఇల్లు లేచేది. ఏటేటా గోడలు అలికే ఆడవాళ్ళకు కూలి ఎవరూ కట్టలేదు, అది వేరే సంగతి.

పక్కా ఇంటితో లెక్క మారింది. ఇందిరమ్మ ఇళ్ళ పథకాన్ని 2024 మార్చి 11న భద్రాచలంలోనే ప్రారంభించారు. సొంత స్థలం ఉన్నవారికి 5 లక్షలు, ఇల్లు ఆడవాళ్ళ పేరున. ఇది మనం ఏళ్ళ తరబడి అడిగినదే, కాదనను. కానీ బేస్‌మెంటు లేచి, దాని ఫొటో తీసుకున్నాకే మొదటి బిల్లు. అంతవరకూ ఇటుకలకూ, ఇసుక ట్రాక్టరుకూ, మేస్త్రీకీ డబ్బెక్కడిది? మొదలుపెట్టలేనివారికి మహిళా సంఘాల నుంచే అప్పు ఇప్పించారు. పట్టా ఆమె పేరున, అప్పూ ఆమె పేరునే. చాలకపోతే మేకలు అమ్ముతారు, బయట వడ్డీకి తెస్తారు.

ఆ వాయిదాలు కట్టడానికి మిరప కోతలకు పోతారు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్ళతో పాటు చేను గట్టున పట్టాలు కప్పుకుని వారాల తరబడి ఉంటారు. నీళ్ళు దూరం, స్నానానికి చీకటి పడాలి. సొంతిల్లు కోసం చేసిన అప్పు తీర్చడానికి ఇల్లు వదిలి గుడారంలో బతకడం! “మేమేమైనా అద్దె అడిగామా?” అంటాడు రైతు. ఆయనా కౌలు కట్టలేక సతమతమయ్యేవాడే కావచ్చు. కానీ కూలివాళ్ళకు గూడు కల్పించే ఖర్చు తప్పింది కనుకనే మిర్చి ఆ ఖర్చుకు ఖమ్మం యార్డుకు చేరుతోంది. మిగిలినది ఆమె జ్వరం మందులకు పెట్టుకుంటోంది.

ఇల్లు గోదాము కూడా. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మునిగిన ఇళ్ళల్లో విత్తనాలు, తిండిగింజలు, కుట్టుమిషన్లు ఉన్నాయి. గోడలు మళ్ళీ కట్టుకోవచ్చు, విత్తనం లేని సీజను గడవడమే కష్టం.

మనం సంఘాల్లో తయారుచేసే సర్వే కాగితాల్లో రెండు ప్రశ్నలు చేర్చండి: ఇంటి కోసం ఎంత అప్పు చేశారు, అది తీర్చడానికి ఏం మానేశారు? మొదటి విడత పని మొదలుకాకముందే ఇవ్వాలనీ, మిరప చేలల్లో గూడు, నీళ్ళు, మరుగుదొడ్డి యజమాని బాధ్యత కావాలనీ అడగడానికి ఆ కాగితాలు మనకు కావాలి.