పందెమను మాట

(గ్రంథాలయ సభయందు గావించిన ఉపన్యాసము)



ఒక్క మాటను గూర్చి ఉపన్యాసమా యని మీలో కొందరికి తోపవచ్చును. ఆ మాట మన యిండ్లలో దినమునకు పదిమారులు వినబడుచున్నది గనుక ముచ్చటింపవలసియే యున్నది. చెట్టుమీది కాయను ఒక్క రాతిదెబ్బతో రాల్తునని కుఱ్ఱవాడు పందెము కట్టును. ఎన్నికలలో తనవాడు నెగ్గకున్న మీసము తీయించుకొందునని పెద్దమనిషి పందెము కాయును. ఇందు సొమ్ము ప్రసక్తి లేదు. తన మాటమీద తనకు గల ధీమాను చాటుకొనుటయే. దీనిని తప్పుపట్టుట నా ఉద్దేశము గాదు. మీసము మరల మొలచును.

పరుగుపందెమన్నను పందెమే, కోడిపందెమన్నను పందెమే. కాని పరుగెత్తు బాలుడు తనదేమియు ఒడ్డుట లేదు, బహుమానమిచ్చువాడు వేరొకడు. బండలాగు ఎడ్లపందెములును అట్టివే, గట్టున నిలిచి సొమ్ము కాయువారిని మినహాయించినచో. కోళ్ల బరిలోనన్ననో కోడి పౌరుషము నెపము మాత్రమే. చుట్టును చేతులు మారు నోట్లే అసలు ఆట. పోటీకిని జూదమునకును ఒకే పేరు పెట్టుకొనుటచేత రెండవది మొదటిదాని మర్యాదను అరువు తెచ్చుకొని, సంక్రాంతి వేడుకయను ముసుగున తిరుగుచున్నది.

మన పూర్వకవులు దీనిని పన్నిదమనిరి. సంస్కృతమున పణము, అది నాణెము పేరు కూడ. మనుస్మృతి జరిమానాలను పణములతోనే లెక్కించినది. ఆదిపర్వమందలి కద్రూవినతల పన్నిదము చూడుడు. గుఱ్ఱపు తోక తెలుపా, నలుపా యన్న వినోదపు మాట. ఓడినవారు దాసి కావలయునని ఒడంబడిక. కద్రువ తన కొడుకులగు పాములను తోకకు చుట్టుకొన పంపి గెలిచెను. పందెము వేసినది వినత. ఆ దాస్యమును పంచుకొనినవాడు, పందెము నాటికి గ్రుడ్డునుండి యైన వెలువడని గరుత్మంతుడు.

సభాపర్వమున ద్రౌపది యడిగిన ప్రశ్న న్యాయవాదినగు నాకు మఱింత ఆశ్చర్యము గొల్పును. తన్ను తాను ముందుగా ఓడిన ధర్మరాజునకు తన్ను ఒడ్డు అధికారమెక్కడిదని ఆమె యడిగెను. భీష్ముడంతటివాడు ధర్మము సూక్ష్మమని చెప్పి తప్పుకొనెను. నేటి యిండ్లలోను ఆ ప్రశ్న సజీవముగనే యున్నది. భార్య మెడలోని బంగారమును, తండ్రి పేర నున్న పొలమును, బిడ్డ కళాశాల రుసుమును ఒడ్డు హక్కు ఇతనికెవరిచ్చిరి?

ఒడ్డుటయను మాటకు మాత్రము గొప్ప చరిత్రయున్నది. టంగుటూరి ప్రకాశముగారు 1921లో మదరాసున బారిష్టరు వృత్తిని విడిచిరి. 1928లో సైమను కమీషను బహిష్కరణనాడు తుపాకుల యెదుట ఱొమ్ము చూపిరి. ప్రాణమొడ్డిరన్న పలుకుబడి అట్టివారికి తగును. ఒడ్డినది తనది, గెలిచిన ఫలము పరులది. జూదరి లెక్క దీనికి తలక్రిందులు.

ఇక చట్టము. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 30వ సెక్షను ప్రకారము పందెపు ఒడంబడిక చెల్లదు. గెలిచినవాడు కోర్టుకెక్కి సొమ్ము రాబట్టుకొనజాలడు. (గుఱ్ఱపు పందెమున గెలిచినవారికి అయిదువందల రూపాయలు గాని అంతకు మించి గాని బహుమానమిచ్చుటకై చందా వేసికొనుట నిషిద్ధము గాదని దొరలు అందే మినహాయింపు వ్రాసికొనిరి. కోడికి లేని గౌరవము గుఱ్ఱమునకు!) సేద్యమును జూదమేయని నిట్టూర్చువారు కలరు. అది పొరపాటు. పంటపై రైతునకు గల లాభనష్టములు నిజమైనవి. పందెగానికన్ననో ఒడ్డిన సొమ్ము తప్ప ఆ ఫలితముతో సంబంధమే లేదు. భీమా చెల్లుటయు, పందెము చెల్లకపోవుటయు ఈ భేదమువలననే.

1974 నాటి గేమింగు చట్టమును ఫోనులలోని ఆటలకును వర్తించునట్లు తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను సవరించుకొనెను. 2025లో పార్లమెంటు, నైపుణ్యమా అదృష్టమా యన్న తర్కమును ప్రక్కకు నెట్టి, సొమ్మొడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు చట్టము చేసెను.

అయినను ఓడినవాని మెడకు ఉరి ఎట్లు పడుచున్నది? చెల్లని పందెమును చెల్లు అప్పుగా మార్చుటచేత. ఓడిన రాత్రియే ప్రోనోటు వ్రాయింతురు. అందు పందెమను మాట కానరాదు, "కుటుంబ ఖర్చులకై చేబదులు" అని యుండును. లేదా ఖాళీ చెక్కుపై సంతకము గైకొందురు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టము ప్రతిఫలము ముట్టినదనియే మొదట భావించును. ముట్టలేదని చూపవలసిన భారము సంతకము చేసినవానిది. చూపగలిగెనా, గెలిచినవాడు వ్రాయించుకొన్న ఆ కాగితమునకు బలము లేదు. కాని సిగ్గుచేత వీరు నోరు విప్పరు. పొలమమ్మి తీర్చిన పిమ్మట మా యొద్దకు వత్తురు. మూడవవాడొకడు అప్పిచ్చి ఆ పందెపు బాకీ తీర్చెనేని సంగతి వేరు. అట్టి అప్పు చెల్లునని సుప్రీముకోర్టు 1959 నాటి తీర్పునుబట్టి తేలుచున్నది. కనుక పందెము బాకీ తీర్చుటకై వడ్డీవ్యాపారి గడప త్రొక్కకుడు. నోటీసు వచ్చినచో దాచిపెట్టకుడు. చెక్కు నోటీసునకు గడువు పదునైదు దినములే. ఏనాటి ఆటకు ఎవరెంత వ్రాసికొనిరో ఆ చీటీలను, ఫోనులోని సందేశములను చెరిపివేయక, ఆ దినముననే వకీలునకు చూపుడు.