మాట చివరి 'ట'



ఆఫీసు కబుర్లు తప్పని నేననను. మనస్తత్వ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ 1996లో వచ్చిన తన పుస్తకంలో, కబుర్లే మనుషుల్ని కలిపి ఉంచుతాయన్నారు. హౌన్స్‌లోలో నాకు మొదట గది దొరికిందీ ఆఫీసు కబుర్ల వల్లే.

కానీ 2009 మాంద్యం రోజుల్లో, పికడిల్లీ లైన్ రైల్లో, ఒక మిత్రుడితో "ఫలానా అతన్ని తీసేస్తారట" అన్నాను. టీ దగ్గర విన్న మాటే. సాయంత్రానికి అది "తీసేశారు" అయింది. ఇక్కడ స్పాన్సర్ వీసా మీదున్నవాడికి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజులే గడువు. వార్త గుంటూరు జిల్లాకు చేరింది. వాళ్ల నాన్నగారు అప్పు తీర్చాలని ఎకరం పొలం బేరానికి పెట్టారు. నిజానికి అతని ఉద్యోగానికేమీ కాలేదు. "అన్నా, ముందు నన్నే అడగొచ్చు కదా!" అన్నాడు. తలదించుకున్నాను.

మన తెలుగులో 'ట' నిజాయితీ గల అక్షరం. నేను చూడలేదు, విన్నాను అని ఒప్పుకుంటుంది. మాట నోరు మారగానే ముందు రాలిపోయేది అదే.

ఈ సభల్లో భోజనాల దగ్గర హాయిగా కబుర్లు చెప్పుకుందాం. ఎదుట లేనివారి ఉద్యోగం, వీసా సంగతి వస్తే మాత్రం వారినే అడుగుదాం.