కొండెక్కేటప్పుడు నోటుబుక్ పట్టుకెళ్లండి



ఈమధ్య మన కొండల ఫొటోలు ఇన్‌స్టాలో బాగా తిరుగుతున్నాయి. హుకుంపేట మండలం సీతమ్మకొండ ఎక్కొచ్చినవాళ్లు 1,680 మీటర్లు అని రాస్తారు. తూర్పు కనుమల్లో అదే ఎత్తయినదని కొందరు, కాదు 1,690 మీటర్ల జిందగడ అని కొందరు వాదించుకుంటారు. వాదించుకోనీండి. నాకు గుచ్చుకునే మాట వేరే ఉంది: "అక్కడ్నించి పైకి దారే లేదు, మేమే చేసుకుంటూ పోయాం" అని. పశువుల్ని తోలే దారి, ఆడవాళ్లు అడ్డాకులకి పోయే దారి, అవి దారులు కావా?

నిజానికి ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నాను. మా ఊరి కొండ మీదికి తాతతో వెళ్లినప్పుడు. ఆఖరి పోడు దాటాక ఫోన్ మ్యాప్‌లో అంతా పచ్చరంగే. తేలిగ్గా ఉంది కదా అని గెడ్డ వెంట తిరిగాను. తాత కేకేశాడు: "ఒరే, ఎక్కడం ఎక్కుతావు గాని మంచు కమ్మితే దిగలేవు. జారుడు బండలున్నాయి. గట్టు పట్టుకో." గట్టు మీద పొదలు తప్పించుకుంటూ పైకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నాకు తుప్పలు తప్ప ఏం కనబడలేదు. తాత మాత్రం అడుగడుక్కీ ఆగాడు. ఇక్కడ పాత ఊరు, ఆ పనస చెట్లు వాళ్లు వేసినవే. ఇవి జాకర దేవత రాళ్లు. ఇది వేసవిలోనూ ఎండని ఊట. ప్రతిదానికీ ఒక పేరుంది. నేను ఆరు పేర్లు రాసుకున్నా, మిగతావి తర్వాత రాద్దాంలే అనుకున్నా. నిరుడు తాత పోయాడు.

ఆ పేర్లు ఎందుకంటారా? 2006 అటవీ హక్కుల చట్టం కింద ఊరి సంప్రదాయ సరిహద్దు లోపలి అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు ఊరిది. దానికి ఫారం-సి పెట్టాలి. నియమాల్లో పెద్దల వాంగ్మూలం రాతలో ఉంటే సాక్ష్యం. పాత ఇళ్ల గుర్తులు, బావులు, శ్మశానాలు, దేవుడి చోట్లు సాక్ష్యం. అంటే తాత ఆగిన ప్రతి చోటూ ఒక కాగితమే. మనం రాయకపోతే అధికారులకి అది ఖాళీ అడవి.

ఖాళీ అనుకున్న కొండ మీద కన్ను పడుతుంది. పంప్డ్ స్టోరేజ్ కరెంటు ప్రాజెక్టుకి పై రిజర్వాయరు ఎత్తు మీదే కట్టాలి మరి. అటు ఒడిశా నియమగిరిలో కొండ శిఖరం నియమరాజుదని డోంగ్రియా కోందులు నిలబడ్డారు. 2013లో 12 గ్రామసభలు, పన్నెండుకి పన్నెండూ, బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి.

అందుకని మీ కొండ మీరు ఎక్కండి. వానల్లో వద్దు, జలగలు, జారుడు. కోతలయ్యాక మంచిది. దారి పోయాక గట్టు వదలొద్దు. దిగేటప్పుడు గెడ్డని నమ్మొద్దు. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, ప్రతి చోటా పాయింటు తీసుకోండి, పక్కనే పేరు రాయండి. కువిలో చెబితే కువి మాటే రాయండి, తెలుగు చేయకండి. పక్క ఊరి సరిహద్దు తగిలే చోట వాళ్ల పెద్దని కూడా పిలవండి, లేకపోతే తర్వాత గొడవ.

అక్కల్నీ అమ్మల్నీ తీసుకెళ్లకుండా వెళ్లకండి. దుంపల చోట్లు, అడ్డాకుల చోట్లు మగాళ్లకి సగం కూడా తెలీవు. పైగా ఆ తీర్మానం చేసే గ్రామసభకి సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. కొండ చూసొచ్చినవాళ్లయితే సభలో గట్టిగా మాట్లాడతారు.

మా ఊళ్లో ఇంకా ఇద్దరు ముసలాళ్లున్నారు. ఒకాయన మోకాళ్లు పోయాయి, సగం దూరం మోసుకెళ్లాలి. ఆదివారం తెల్లారుజామున అయిదుకి బయల్దేరుతున్నాం. ఒక డోలీ ఉంది, భుజాలు కావాలి.