ఎదుగు పిల్లల ఆహారము – మనస్సు

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



పదవ తరగతికి వచ్చినది మొదలు పిల్లవాడు ఊరక విసుగుకొనుచున్నాడనియు, పుస్తకము పట్టినచో నిద్రపోవుచున్నాడనియు, అమ్మాయి ఎవరితోను మాట్లాడదనియు తల్లులు చెప్పుకొనుట వినుచునే యున్నాము. దీనికి మనము పెట్టు పేరు సోమరితనము, లేదా పొగరు. ఆ పేరు పెట్టుటకు ముందు ఆ బిడ్డ ఉదయము ఏమి తినెనో విచారింపుడని నా మనవి.

తిండికిని మనస్సునకును గల సంబంధమునకు తెలుగునాటనే నిదర్శనము కలదు. జొన్నలే ముఖ్యాహారముగా గల దక్కను పేదలలో పెల్లాగ్రా అను వ్యాధి కనబడుచుండెను. ఎండ సోకిన చర్మము నల్లబడి పగులుట, విరేచనములు, వానితోపాటు దిగులు, నిద్రలేమి, ముదిరినచో మతిభ్రమణము దాని లక్షణములు. హైదరాబాదు పోషకాహార పరిశోధనాలయమున డాక్టరు గోపాలన్ గారును వారి సహచరులును 1960 ప్రాంతమున దీనిని పరిశోధించి, జొన్నలలో అధికముగా నుండు లూసిన్ ఒక కారణమని ప్రతిపాదించిరి. నియాసిన్ అను విటమినును ఇచ్చినచో చర్మముతోపాటు మనస్సును కుదుటబడుచుండెను.

మన సీమ ధాన్యము రాగి. నూరు గ్రాముల రాగులలో మూడువందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. బియ్యములో దానిలో పదవ వంతైనను లేదు. అయితే రాగులలోని ఇనుము ఒంటికి సులభముగా పట్టదు. సంగటితో ఆకుకూరయో, పితికిన పప్పో, పైన నిమ్మరసమో, ఒక జామకాయయో ఉండవలెను. భోజనము కాగానే త్రాగు తేనీరు ఆ ఇనుమును పట్టనీయదు.

ఇనుము మాటనే ఒత్తి చెప్పుటకు కారణము కలదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15–19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి, బాలురలో 31 మందికి రక్తహీనత కలదు. రక్తము తగ్గిన బిడ్డకు అలసట, మతిమరుపు, చిరాకు కలుగుట వింత కాదు. అందరు తినిన పిమ్మట మిగిలినది తినుట ఆడపిల్లకు మర్యాదగా నేర్పితిమి. ఈ యొక్క మర్యాదను విడిచిపెట్టుదము. బడులలో వారమునకొకసారి ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రను భోజనానంతరము వేసికొననిండు. మలము నల్లబడినచో భయపడవలదు. ఆ ఫోలిక్ ఆమ్లమును 1945లో ప్రయోగశాలలో రూపొందించిన బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

పల్లెల నుండి తెల్లవారగనే బస్సు ఎక్కు పిల్లలు టీ, బన్నుతో మధ్యాహ్నము వరకు గడుపుచున్నారు. సర్కారు బడులలో పాలతో రాగిజావ ఇచ్చు పథకము 2024లో ఆరంభమైనది; అందు పాలుపంచుకొన్న అన్నపూర్ణా ట్రస్టు మన ముద్దేనహళ్ళిదే. కాని రాగి పల్లెటూరి తిండియని సిగ్గుపడు పిల్లలు కలరు. చుట్టము వచ్చినప్పుడు సంగటి దాచి అన్నము వడ్డించువారము మనమే కదా! ఆ సిగ్గు వారికెక్కడనుండి వచ్చినది?

ఇంకొక మాట. తిండి చాలక మనస్సు చెడునట్లే, మనస్సు చెడినచో ఆకలియు పోవును. తినని బిడ్డను కొట్టి తినిపింపవలదు, ఏమైనదని అడుగుడు. దిగులు రెండు వారములైనను తగ్గనిచో, చచ్చిపోయెదనను మాట ఒక్కసారి వినబడినను, రాగులను ఇనుమును ప్రక్కన పెట్టి వెంటనే వైద్యునికి చూపుడు. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలి-మానస్ సంఖ్య 14416. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చును.