వేడి చేసిందా, ఇన్ఫెక్షనా?



కార్యక్రమ పత్రంలో నా పేరు పక్కన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అనీ, ఉపన్యాస విషయం దగ్గర మూత్రంలో మంట అనీ చూసి కొందరు అచ్చుతప్పు అనుకుని ఉంటారు. తప్పేమీ లేదు. నేను డాక్టర్ని కాను. కువైట్‌లో చాలా ఏళ్ళుగా ఉంటూ అరబ్బీ కాస్త పట్టుబడినవాణ్ణి. సెలవు దినాల్లో మనవాళ్ళకు తోడుగా ఆసుపత్రులకు దుబాసీ పనికి వెళ్తుంటాను. రాజంపేట, రాయచోటి వైపు నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ వచ్చిన డ్రైవర్లు, ఇళ్ళలో పనిచేసే అక్కచెల్లెళ్ళు. వాళ్ళ నోట నేను ఎక్కువగా విన్న మాట ఒకటుంది: "ఏం లేదన్నా, వేడి చేసింది."

ఈ మాటను అరబ్బీలోకి మార్చడం నా వల్ల కాలేదు. "హరారా" అంటే డాక్టరు జ్వరం అనుకుని థర్మామీటరు తీస్తాడు. మనకేమో ఆ ఒక్క మాటలో మంటా, చురుకూ, పదే పదే వెళ్ళాల్సి రావడమూ అన్నీ ఇమిడిపోతాయి. ఇబ్బంది అక్కడే ఉంది. మా సాఫ్ట్‌వేర్‌లో అయిదు రకాల తప్పులకు ఒకే ఎర్రర్ మెసేజ్ వస్తే ఆ ప్రోగ్రామును బాగుచేయడం ఎంత కష్టమో, ఇదీ అంతే.

అలాగని ఆ మాట పూర్తిగా అబద్ధమూ కాదు. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబా దగ్గర 53.9 డిగ్రీల వేడి నమోదైంది. అలాంటి ఎండల్లో ఒంట్లో నీరంతా చెమటగా పోతుంది. మూత్రం తగ్గి, చిక్కబడి, ముదురు పసుపు రంగులోకి మారి కొద్దిగా చురుక్కుమనిపిస్తుంది. నీళ్ళు, మజ్జిగ, బార్లీ నీళ్ళు బాగా తాగితే కొద్ది గంటల్లో రంగు తేలికపడి చురుకు పోతుంది. పోయిందంటే అది వేడే. నీళ్ళు తాగి మూత్రం తెల్లబడ్డాక కూడా మంట ఉంటే అది వేడి కాదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే నా ఉపన్యాసం సగం సఫలమైనట్టే.

ఇక అసలు ఇన్ఫెక్షన్ సంగతి. ఎక్కువ కేసుల్లో దీనికి కారణం ఈ-కోలై అనే బాక్టీరియా. అది మన పేగుల్లోనే ఉంటుంది. అక్కడుంటే గొడవ లేదు, మూత్రమార్గంలోకి చేరితేనే చిక్కు. ఆ మార్గం పొడవు ఆడవాళ్ళలో సుమారు 4 సెంటీమీటర్లు, మగవాళ్ళలో సుమారు 20. అందుకే ఇది ఆడవాళ్ళకు ఎక్కువ. దాదాపు సగం మంది స్త్రీలకు జీవితంలో ఒక్కసారైనా వస్తుందని లెక్క. కాబట్టి ఇందులో సిగ్గుపడవలసిందీ, శీలం గురించి అనుమానించవలసిందీ ఏమీ లేదు. ఈ మాట ముఖ్యంగా ఇక్కడున్న భర్తలకు, అత్తగార్లకు చెబుతున్నాను.

లక్షణాలు: మూత్రం పోసేటప్పుడు మంట, ఇప్పుడే వెళ్ళొచ్చినా మళ్ళీ వెళ్ళాలనిపించడం, వెళితే నాలుగు చుక్కలే రావడం, పొత్తికడుపులో నొప్పి, మూత్రం మబ్బుగా ఉండటం, కొన్నిసార్లు రక్తం. 2002లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన పరిశీలన ప్రకారం, ఒక స్త్రీకి మంటా, మాటిమాటికీ వెళ్ళడమూ రెండూ ఉండి, తెల్లబట్టా, దురదా రెండూ లేకపోతే అది ఇన్ఫెక్షన్ కావడానికి 90 శాతం పైగా అవకాశం ఉంది. రెండు ఉండాలి, రెండు ఉండకూడదు. మా ఇంజనీర్లకు ఇంతకన్నా తేలికైన లాజిక్ దొరకదు.

మరి దీన్ని పోలినవి ఏమిటి?

దురద, తెల్లబట్ట ఉండి, మూత్రం బయటి చర్మానికి తగిలినప్పుడే మండితే అది యోని దగ్గర వచ్చే ఫంగస్ కావచ్చు. దాని మందు వేరు. యాంటీబయాటిక్ వేసుకుంటే అది ఇంకా పెరగవచ్చు.

మంట లేదు కానీ గంటగంటకూ ఎక్కువెక్కువ మూత్రం వస్తోంది, నోరు ఎండిపోతోంది, బరువు తగ్గుతోంది అంటే ముందు షుగరు పరీక్ష చేయించుకోవాలి.

నడుము పక్కన డొక్కలో మొదలై గజ్జల్లోకి దిగే నొప్పి, అలలు అలలుగా వచ్చి మనిషిని ఒకచోట నిలవనీయకపోతే అది రాయి. ఎడారి ఎండలో పనిచేసేవాళ్ళకూ, నీళ్ళు తాగకుండా బండి నడిపేవాళ్ళకూ ఇది మామూలే.

వయసు మళ్ళిన మగవాళ్ళకు ధార సన్నబడి, రాత్రి నాలుగుసార్లు లేవవలసి వస్తుంటే ప్రోస్టేట్ గ్రంథిని చూపించుకోవాలి. వయసులో ఉన్నవాళ్ళకు మంటతోపాటు చీములాంటిది కారితే సుఖవ్యాధి పరీక్ష తప్పదు. అది దాచుకుంటే భార్యకూ అంటుతుంది. నొప్పి ఏమీ లేకుండా రక్తం పడటం అన్నిటికన్నా మోసకారి. మూత్రాశయ క్యాన్సరు ఒక్కోసారి అలాగే బయటపడుతుంది. నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు.

నేను దుబాసీగా వెళ్ళిన ఒక కేసు చెబుతాను. ఒక అక్క మూడంతస్తుల ఇంట్లో పని. బాత్రూము మేడ మీది గదిలో. మాటిమాటికీ పైకెక్కితే యజమానురాలు కేకలేస్తుందని నీళ్ళు తాగడమే తగ్గించింది. మంట మొదలైతే నాలుగు రోజులు బార్లీ నీళ్ళతో నెట్టుకొచ్చింది. అయిదో రోజు వణుకుతో జ్వరం, వాంతులు, నడుము పక్కన నొప్పి. ఇన్ఫెక్షన్ మూత్రపిండం దాకా పాకిందన్నారు. ఆసుపత్రిలో పెట్టి ఇంజెక్షన్లు ఇచ్చాక కోలుకుంది. మొదటి రోజే వెళ్ళి ఉంటే బహుశా కొద్ది రోజుల మాత్రలతో పోయేది.

అందుకే ఆగకుండా వెళ్ళవలసిన సందర్భాలు గుర్తుపెట్టుకోండి: వణుకుతో జ్వరం, డొక్కలో నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం, మూత్రం బిగుసుకుపోవడం. రాయి నొప్పితోపాటు జ్వరం ఉంటే అది అత్యవసరం, గంటలు లెక్కపెట్టుకోవాలి. గర్భిణులు, షుగరు ఉన్నవాళ్ళు, చిన్నపిల్లలు, మగవాళ్ళు కొద్దిపాటి మంటకైనా వెళ్ళవలసిందే. పసిపిల్లల్లో ఒక్కోసారి జ్వరం తప్ప వేరే గుర్తే ఉండదు. కువైట్‌లో అత్యవసరానికి 112కు ఫోన్ చేయండి.

పరీక్ష చాలా చిన్నది. మొదటి ధార వదిలేసి, మధ్యలోది శుభ్రమైన సీసాలో పట్టివ్వాలి. పట్టీ ముంచి చూస్తే నిమిషాల్లో సూచన తెలుస్తుంది. కల్చర్ ఫలితానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఏ మందుకు ఆ క్రిమి లొంగుతుందో అందులో తెలుస్తుంది. ఇక్కడ మనవాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. ఊరినుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఆవకాయతోపాటు యాంటీబయాటిక్ మాత్రలూ తెచ్చుకుంటాం. రెండు మాత్రలు మింగి, తగ్గకపోతే అప్పుడు పరీక్షకు వెళ్తాం. అప్పటికి కల్చర్‌లో క్రిమి దొరకదు, ఒంట్లోదేమో మొండికేస్తుంది. దయచేసి పరీక్షకు ఇచ్చాకే మందు. డాక్టరు ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులూ వాడాలి.

భాష రానివారికి నాలుగు అరబ్బీ మాటలు, రాసుకోండి. మూత్రం బౌల్, మంట హర్గాన్, రక్తం దమ్, జ్వరం సుఖూనా. గర్భవతిని అనడానికి అనా హామిల్. షుగరుకు సుక్కర్. ఏదైనా మందు పడకపోతే హస్సాసియా. ఈ ఏడూ వస్తే దుబాసీ లేకపోయినా పని జరుగుతుంది, నాకూ సెలవు దొరుకుతుంది.

ఇంటిపనివాళ్ళ వైద్యం యజమాని బాధ్యత అని కువైట్‌లో 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం చెబుతోంది. అది దయ కాదు, హక్కు. ఈ సంగతి తెలియని అక్కచెల్లెళ్ళకు మనమే చెప్పాలి.

ఇక నీళ్ళ మాట. 2018లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, తరచూ ఈ ఇన్ఫెక్షన్ వచ్చే 140 మంది స్త్రీలలో సగం మంది చేత రోజూ ఒకటిన్నర లీటరు నీళ్ళు అదనంగా తాగించారు. ఏడాదిలో వాళ్ళకు సగటున 1.7 సార్లు వస్తే, తాగనివాళ్ళకు 3.2 సార్లు వచ్చింది. నీళ్ళకు మించిన చౌక మందు లేదు. తాగిన నీటిని ఆపుకోకుండా వదలడం కూడా అందులో భాగమే. మీ ఇంట్లో పనిచేసే మనిషి, మీ కంపెనీ బండి నడిపే డ్రైవరు, మీ కింద ఎండలో నిలబడే కూలీ, వీళ్ళకు నీళ్ళూ, బాత్రూముకు వెళ్ళే వెసులుబాటూ ఉన్నాయా అని ఒకసారి అడిగి చూడండి.

తెలుగువాడు తలనొప్పిని నలుగురిలో చెబుతాడు, దీన్ని మాత్రం దాచుకుంటాడు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా?" అని అడుగుతాం కదా, "నీళ్ళు తాగుతున్నావా, మంటేమైనా ఉందా?" అని కూడా అడగడం మొదలుపెడదాం.  బయట నీళ్ళ సీసాలు పెట్టారు, తలా ఒకటి తీసుకెళ్ళండి. సెలవు.