చెల్లిపోయిన పాలసీకి విలువ ఉందా?

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాలసీ గడువు తీరితే ఆ కాగితాన్ని మనం పాత పేపర్లతో పాటు తూకానికి వేసేస్తాం. కానీ నలభై ఏళ్ల కిందట చెల్లిపోయిన పాలసీ ఇవాళ లక్షల డాలర్ల ఖర్చు భరించిన సందర్భాలు అమెరికాలో ఉన్నాయి. అదెలాగో బ్యాంకు కుటుంబాలమైన మనం తెలుసుకోవడం మంచిది.

న్యూయార్క్ రాష్ట్రంలోని నయాగరా ఫాల్స్‌లో లవ్ కెనాల్ అనే పాత కాలువ ఉంది. హుకర్ కెమికల్ కంపెనీ అందులో సుమారు 21,000 టన్నుల రసాయన వ్యర్థాలను పూడ్చి, 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు స్కూలు బోర్డుకు ఇచ్చేసింది. అక్కడ బడి కట్టారు, చుట్టూ ఇళ్లు వెలిశాయి. విషం పైకి తేలడంతో 1978లో అధ్యక్షుడు కార్టర్ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఆ అనుభవం నుంచే 1980లో సూపర్‌ఫండ్ చట్టం పుట్టింది.

ఈ చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, కలుషిత స్థలానికి ఇప్పటి యజమాని కూడా బాధ్యుడే. చట్టం రాకముందు జరిగిన పనికీ ఇది వర్తిస్తుంది. దీనికి రాష్ట్రాల చట్టాలు తోడై, చిన్న డ్రైక్లీనింగ్ షాపులు, పెట్రోలు బంకులు కూడా చిక్కుల్లో పడ్డాయి. డ్రైక్లీనింగ్‌లో వాడే పెర్‌క్లోరోఎథిలీన్ నీటికంటే బరువైనది. పగుళ్లలోంచి దిగి భూగర్భ జలాన్ని చేరుతుంది. ఒక్కోసారి శుభ్రం చేసే ఖర్చు స్థలం విలువనే మించిపోతుంది. తండ్రి నడిపిన షాపు వారసత్వంగా వచ్చిన పిల్లలకు ఆస్తికి బదులు అప్పు మిగులుతుంది.

అక్కడే పాత పాలసీ పనికొస్తుంది. ఆ రోజుల్లో వ్యాపారులు తీసుకున్న జనరల్ లయబిలిటీ పాలసీల్లో ఎక్కువ భాగం, క్లెయిమ్ ఎప్పుడు వచ్చిందని కాక, నష్టం ఎప్పుడు జరిగిందని చూస్తాయి. 1970లో విషం భూమిలోకి దిగి నష్టం చేసిందని తేలితే, 1970 నాటి పాలసీ కింద ఇప్పుడు కూడా అడగవచ్చు. సొంత ఆస్తి నష్టానికి ఇది వర్తించదు. విషం భూగర్భ జలంలోకో పక్క స్థలంలోకో చేరితే అది పరుల నష్టం కిందికి వస్తుంది.

అన్ని పాలసీలూ ఒకటి కావు. 1973 నుంచి, హఠాత్తుగా ప్రమాదవశాత్తు జరిగినది తప్ప, మిగతా కాలుష్యాన్ని మినహాయించే షరతు చేరింది. 1986 నుంచి దాదాపు పూర్తిగా మినహాయించారు. ఈ షరతులపై ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీర్పు వచ్చింది. ఇండియానా సుప్రీంకోర్టు 1996లో ఒక పెట్రోలు బంకు కేసులో షరతు మాటలు అస్పష్టంగా ఉన్నాయంటూ పాలసీదారు పక్షాన నిలిచింది.

పాలసీ కాపీయే లేకపోతే? దాన్ని వెతకడం అక్కడ ఒక వృత్తి. పేరు ఇన్సూరెన్స్ ఆర్కియాలజీ, అంటే బీమా తవ్వకాలు! ప్రీమియం కట్టిన చెక్కులు, లెడ్జర్ పద్దులు, బ్రోకర్ ఉత్తరాలు, అద్దె ఒప్పందాలు, బ్యాంకు లోన్ ఫైళ్లు: వీటిలో దేని నుంచైనా కంపెనీ పేరు, పాలసీ నంబరు దొరకవచ్చు. మన రికార్డు రూముల్లో దుమ్ము పట్టిన ఫైళ్లను చూసి విసుక్కునే ముందు ఇది గుర్తుంచుకోండి.

అప్పిచ్చినవారికీ ఇందులో పాఠం ఉంది. 1990లో ఫ్లీట్ ఫ్యాక్టర్స్ కేసులో, వ్యర్థాల విషయంలో రుణగ్రహీత నిర్ణయాలను ప్రభావితం చేయగల స్థితిలో ఉన్న రుణదాత కూడా బాధ్యుడు కావచ్చని ఒక అప్పీలు కోర్టు చెప్పింది. బ్యాంకులు ఉలిక్కిపడ్డాయి. 1996లో చట్టం సవరించాక వాటికి ఊరట దొరికింది.

అమెరికా పాలసీల షరతులు మనకు అలాగే వర్తించవు. కానీ భోపాల్ తర్వాత 1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం వచ్చింది. 1996లో రాజస్థాన్‌లోని బిచ్రీ కేసులో, పాడుచేసినవారే ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. మన దేశంలోనూ దారి అటే వెళుతోంది.

కాబట్టి తాకట్టుకు వచ్చే ఫ్యాక్టరీ స్థలానికి టైటిల్‌తో పాటు, అక్కడ అంతకుముందు ఏం నడిచిందో కూడా అడగండి. ఇంట్లో ఎవరైనా వ్యాపారం చేసి ఉంటే, ఆ పాలసీలను పారేయకుండా ఒక ఫైలులో, సంవత్సరాలవారీగా దాచండి. అడిగే రోజు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చిన రోజున కాగితం మన చేతిలో ఉండాలి.